పది దగ్గర పట్టుకో

డిజైనర్ తెల్ల బూట్లు వేసుకుని వచ్చింది.

తలుపులూ కిటికీలూ చేసే వర్క్‌షాపు అది. నేలంతా రంపపు పొట్టు, గాలంతా వార్నిష్ వాసన. గుమ్మం నుంచి ఆఫీసు గది దాకా నడిచి వచ్చినా ఆ బూట్లకి ఒక్క రవ్వ పొట్టు అంటలేదు. అమ్మలుకి ఒళ్లు మండటానికి అప్పటికి అది చాలు. అసలు కారణం ఆ వెనకే వచ్చింది.

"ఇక్కడ కొలతలు తీసేది ఎవరండీ?" అని అడిగింది డిజైనర్.

మిషన్ దగ్గర చెక్క కోస్తున్న పొడుగు తల ఎత్తాడు. అతను కార్పెంటర్. గుమ్మాలు చేసేవాడే అయినా ఏ గుమ్మంలోనూ తల వంచకుండా దూరలేడు కాబట్టి అందరూ పొడుగు అనే పిలుస్తారు.

"నేనేనండీ" అన్నాడు.

అని ఊరుకోవచ్చు కదా! జుట్టులో పొట్టు దులుపుకున్నాడు. నాలుగేళ్లుగా అతన్ని రోజూ చూస్తున్న అమ్మలు, అతను ఒక మనిషి కోసం జుట్టు దులుపుకోవడం చూడటం అదే మొదలు.

అమ్మలు ఆ వర్క్‌షాపు యజమాని కూతురు. ఆర్డర్లు రాసేది ఆమె. ఆమె సంతకం లేనిదే ఒక్క కొలత కూడా అద్దాల ఫ్యాక్టరీకి వెళ్లదు. ఈసారి ఆర్డరు బయటివాళ్లది కాదు, సొంతింటిది. వాళ్ల నాన్న పాతికేళ్లుగా అందరి ఇళ్లకీ కిటికీలు చేసి, ఇన్నాళ్లకి తన ఇల్లు కట్టుకుంటున్నాడు. గోడలు లేచాయి, పైకప్పు పడింది. ఇక కిటికీలే. ఆ ఇంటికి ప్లాను గీసింది ఈ డిజైనరే.

"తొమ్మిది కిటికీలు" అన్నాడు నాన్న, అందరికీ వినపడేలా. "అందరి కిటికీలూ చేసి నా ఇంటి కిటికీ తప్పిందంటే తలెత్తుకు తిరగలేను. కొలత తప్పినవాడు నా దగ్గర ఉండడు. ఆ సంగతి మీకు తెలుసు."

తెలుసు. ఇదివరకు ఇద్దరు కార్పెంటర్లు కొలత తప్పిన సాయంత్రమే సామాను సర్దుకుని వెళ్లిపోయారు.

పొడుగు దగ్గరున్న టేపు గురించి చెప్పకపోతే ఈ కథ ముందుకి కదలదు. మామూలుగా కొలత టేపు చివర చిన్న ఇనప కొక్కెం ఉంటుంది. దాన్ని ఒక అంచుకి తగిలించి టేపు లాక్కుంటూ వెళితే మనిషి ఒక్కడే ఎంత గోడైనా కొలుచుకోవచ్చు. పొడుగు దగ్గరున్న టేపుకి ఆ కొక్కెం ఎప్పుడో ఊడిపోయింది. మొదటి రెండు మూడు సెంటీమీటర్లు కూడా నలిగిపోయాయి. అందుకని రెండో పక్క ఇంకొకరు నిలబడి, పది అన్న అంకెని అంచుకి ఆనించి పట్టుకోవాలి. వచ్చిన కొలతలోంచి ఆ పది తీసేయాలి.

పట్టుకునేది అమ్మలు. తీసేసేదీ అమ్మలే. అతను "నూట ముప్పై" అని అరిస్తే ఆమె పుస్తకంలో నూట ఇరవై రాస్తుంది. ఆ పది గురించి ఇద్దరూ మాట్లాడుకుని నాలుగేళ్లు కావస్తోంది.

మర్నాటి నుంచి డిజైనర్ రోజూ వచ్చింది. వస్తే ఆఫీసులో కూర్చోవచ్చు కదా, మిషన్ల దగ్గరే నిలబడేది. పొడుగు ఏదో చెప్పేవాడు, ఆవిడ నవ్వేది. మిషన్ చప్పుడుకి ఆఫీసులోకి మాట వినపడదు, నవ్వే కనపడుతుంది. మాట లేకుండా నవ్వు మాత్రం కనపడితే మనిషికి ఎంత మంటో అమ్మలుకి ఆ వారం తెలిసింది. ఒకరోజు పొద్దున పదకొండు నవ్వులు లెక్కపెట్టింది. పన్నెండోది వచ్చేసరికి కిటికీకి పరదా లాగేసింది. ఐదు నిమిషాలకి మళ్లీ తీసింది.

పోనీ నవ్వు సంగతి వదిలేద్దాం. పెన్సిల్?

పొడుగు చెవి మీద ఎప్పుడూ బల్లపరుపు పెన్సిల్ ఒకటి ఉంటుంది. ఒకసారి అమ్మలు అడిగితే "ఇది నా చెవికి అలవాటండీ, వేరే చెవి ఎక్కితే రాయదు" అని జోక్ చేసి మామూలు పెన్ను చేతిలో పెట్టాడు. ఇప్పుడు డిజైనర్ చెయ్యి చాపీ చాపకముందే ఆ పెన్సిల్ తీసి ఇచ్చాడు. ఆవిడ ఏదో గీసి, అది తన చెవి మీద పెట్టుకుంది.

మధ్యాహ్నం అతను నీళ్ల కోసం ఆఫీసులోకి వచ్చాడు.

"పెన్సిల్ ఎక్కడ?" అంది అమ్మలు, తల ఎత్తకుండా.

"ఎక్కడో ఉంటుందిలెండి."

"ఇప్పుడు వేరే చెవి మీద కూడా రాస్తోందన్నమాట."

"ఏంటండీ?"

"ఏం లేదు. నీళ్లు తాగు."

తాగాడు. తాగి, గ్లాసు బోర్లించి, "రేపు సైటులో కొలతలు తీయాలి. ఎన్నింటికి వెళ్దాం?" అన్నాడు. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. అంతలో అతను, "డిజైనర్ గారు కూడా వస్తామన్నారు" అన్నాడు.

"నాకు తలనొప్పి" అంది అమ్మలు.

"రేపటికి తగ్గదా?"

"రేపటికే వస్తుంది. మీ ఇద్దరూ వెళ్లండి. ఆవిడ దగ్గర లేజర్ మీటర్ ఉందిగా, ఎర్రచుక్క వేసి కొలిచేస్తుంది. నేనెందుకు మధ్యలో?"

అతను ఏదో అనబోయాడు. ఆమె స్టేప్లర్ తీసుకుని ఖాళీ కాగితాలకి పిన్నులు కొట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకి ఏ మగవాడైనా వెనక్కి తగ్గాల్సిందే. వెళ్లిపోయాడు.

మర్నాడంతా ఆమె తలకి నిజంగానే నొప్పి వచ్చింది. ఇప్పుడు హాలు కిటికీ దగ్గర ఉంటారు. ఇప్పుడు వంటింట్లో. టేపుకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. టేపు చుట్టుకుంటుంటే ఇద్దరూ ఎంత దగ్గరికి వస్తారో ఆమెకి సెంటీమీటర్లతో సహా తెలుసు.

సాయంత్రం నాన్న ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. డిజైనర్ పంపిన కొలతలు. రంగురంగుల గళ్లు, ముత్యాల్లాంటి అక్షరాలు.

"ఒకసారి చూసి సంతకం పెట్టమ్మా. ఫ్రేములు మనం మొదలుపెట్టేస్తాం, అద్దాలు ఫ్యాక్టరీకి పంపాలి."

చూడటమా? ఆ కాగితాన్నా? అమ్మలు మొహం అటు తిప్పుకుని, కింద గీత ఎక్కడుందో అంతవరకే చూసి, సంతకం గీకేసింది. పెన్ను ముల్లు కాగితంలో దిగబడింది.

రెండు వారాలకి అద్దాల లారీ వచ్చింది. దాంతోపాటే వాన.

పెద్ద వానేం కాదు, ఆగి ఆగి ఆటపట్టించే జల్లు. సైటులో అందరూ ఉన్నారు. నాన్న గొడుగు పట్టుకుని లారీ చుట్టూ తిరుగుతున్నాడు. మేస్త్రి ఇసుక మీద పరదా కప్పుతున్నాడు. డిజైనర్ తెల్ల బూట్లతో ఇటుకల మీద నిలబడింది. అమ్మలు మాత్రం, ఎవరూ రమ్మనకపోయినా, ఆర్డర్ల పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చింది. ఎందుకొచ్చావని అడిగితే చెప్పడానికి దారిలో నాలుగు కారణాలు తయారుచేసుకుంది. ఎవరూ అడగలేదు.

పొడుగు వంటింటి కిటికీ ఫ్రేము ఎత్తి గోడలోని ఖాళీకి ఆనించాడు. వెళ్లలేదు. ఏటవాలుగా తిప్పాడు. వెళ్లలేదు. ఫ్రేము దించి, ఖాళీ వంక చూసి, మళ్లీ ఫ్రేము వంక చూశాడు.

నాన్న గొడుగు పడేసి వచ్చాడు. మేస్త్రి తన టేపు తీసి కొలిచాడు. ఖాళీ నూట ఇరవై, ఫ్రేము నూట ముప్పై. ఎత్తు వంద ఉండాల్సింది నూట పది. హాలు కిటికీ కూడా అంతే. తొమ్మిదీ అంతే. అన్నీ వెడల్పు పది, ఎత్తు పది ఎక్కువ.

"ఫ్రేములంటే కోసుకోవచ్చు" అన్నాడు నాన్న. "అద్దాలో? టఫెన్డ్ గ్లాసది. ఒకసారి కాల్చి గట్టిపరిచాక కొయ్యడానికి లేదు. బ్లేడు పెడితే పొడి పొడి అయిపోతుంది. ఎవరు తీశారీ కొలతలు?"

పది అన్న మాట చెవిన పడగానే అమ్మలుకి టేపు గుర్తొచ్చింది. అక్కడున్న వాళ్లలో ఆ పది ఎక్కడిదో తెలిసింది ఇద్దరికే అనుకుంది. ఆమె పొడుగు వంక చూసింది. అతను ఆమె వంక చూడలేదు.

"నేనేనండీ" అన్నాడు. "తప్పు నాదే."

"పది ఎలా వస్తుందిరా? ఒకటో రెండో అంటే సరే. పది ఎలా వస్తుంది?"

"నాదే తప్పండీ" అన్నాడు మళ్లీ. అంతకుమించి పెదవి విప్పలేదు.

చూశారా, అనుకుంది అమ్మలు. పది తీసేయకుండా ఆ అమ్మాయి రాసిన కాగితం కదా, ఆవిడ మీదికి రాకుండా అడ్డం నిలబడ్డాడు. నాలుగేళ్లలో నా కోసం ఒక్కసారైనా ఇలా నిలబడ్డాడా? ఉద్యోగం పోతుందని తెలిసి కూడా ఎంత ప్రేమ! కళ్లు తుడుచుకుంది. వాన జల్లు కాబట్టి సరిపోయింది.

నాన్న ఫ్యాక్టరీకి ఫోన్ చేయడానికి పక్కకి వెళ్లాడు. వెళుతూ, "సాయంత్రం సామాను సర్దుకో" అన్నాడు. అతను తల ఊపాడు.

డిజైనర్ ఇటుకల మీంచి బురదలోకి దిగి, నేరుగా అమ్మలు దగ్గరికి వచ్చింది. తెల్ల బూట్లు చీలమండల దాకా మునిగాయి. ఈ దృశ్యం కోసం ఎన్ని రోజులు మొక్కుకుందో, తీరా చూస్తే అమ్మలుకి సంతోషమే కలగలేదు.

"ఆయన ఎందుకలా నోరు మూసుకున్నారు?" అంది డిజైనర్. "ఆరోజు ఎండకి నా లేజర్ చుక్క కనపడలేదు, టేపుతోనే కొలిచాం. నేను చివర పట్టుకుంటే, 'అక్కడ కాదండీ, పది దగ్గర పట్టుకోండి, అమ్మలు గారు అక్కడే పట్టుకుంటారు' అన్నారు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. ప్లానుకి పది తేడా వస్తోందే అని అడిగాను కూడా."

"ఏమన్నాడు?"

"'కాగితం అమ్మలు గారి చేతికే వెళ్తుంది, ఆవిడ తీసేస్తారు' అన్నారు. మీరు మళ్లీ లెక్క వేస్తారేమో అనుకున్నాను."

అప్పుడు వెలిగింది అమ్మలుకి. సంతకం. మొహం తిప్పుకుని చేసిన సంతకం. అది చూసే అతను ఫ్రేములు కోశాడు.

"ఇంకో మాట" అంది డిజైనర్. "ఏమీ అనుకోకండి. నేను వర్క్‌షాపుకి వచ్చిన అన్నాళ్లూ ఆయన నాకు చెప్పినవన్నీ మీ కబుర్లే. మీరు కోపం వస్తే స్టేప్లర్ కొడతారట. లెక్క తప్పితే ముక్కు మీద గోక్కుంటారట. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత నిజం చెప్పొద్దూ, విసుగొచ్చింది."

అంటే ఆ పదకొండు నవ్వులూ తన మీదేనా! అమ్మలుకి సిగ్గు, కోపం, ఏడుపు, ఇంకేదో పేరు తెలియనిది, అన్నీ ఒకేసారి ముంచుకొచ్చాయి. పుస్తకం చంకలోంచి జారి బురదలో పడింది. తీసుకోలేదు. నాన్న ఫోన్ పెట్టేసి వస్తుంటే ఎదురెళ్లింది.

"నాన్నా, తప్పు అతనిది కాదు. నాది."

"నువ్వసలు సైటుకే రాలేదు కదమ్మా."

"అదే తప్పు. ఆ టేపుకి కొక్కెం లేదు. పది దగ్గర పట్టుకుని కొలుస్తాం. పది తీసేసేది నేను. ఎప్పుడూ నేనే. కాగితం నా ముందుకొస్తే చదవకుండా సంతకం పెట్టాను."

"చదవకుండానా? నువ్వా?" నాన్నకి నమ్మకం కుదరలేదు. "ఎందుకని? తలనొప్పి అన్నావ్, దాని వల్లనా?"

"తలనొప్పి కాదు."

"మరి?"

"కుళ్లు."

ఇసుక దగ్గర మేస్త్రి చేతిలో పరదా ఆగిపోయింది. పొడుగు మొదటిసారి తల ఎత్తాడు.

"కుళ్లు నాన్నా. ఈర్ష్య. అతను ఆవిడతో నవ్వుతుంటే చూడలేకపోయాను. పెన్సిల్ ఇస్తే చూడలేకపోయాను. అందుకే రాలేదు, అందుకే ఆ కాగితం చూడలేదు. అతను నా పేరు బయటికి రాకూడదని తప్పు నెత్తిన వేసుకున్నాడు. నేనేమో ఆవిడ కోసం అనుకున్నాను. దానికి కూడా ఇందాకే కుళ్లుకున్నాను. కొలత తప్పినవాళ్లు నీ దగ్గర ఉండరుగా. పంపిస్తే ఇద్దర్నీ పంపించెయ్."

"ఎక్కడికీ, ఒకే చోటికా?"

అన్నది అమ్మ. ఎప్పుడొచ్చిందో, గొడుగు కింద నిలబడి అంతా వింది.

నాన్న కూతురిని చూశాడు. బురదలో బూట్లున్న డిజైనర్‌ని చూశాడు. ఇంకా చట్రం పెట్టని గుమ్మంలో కూడా తల వంచుకుని నిలబడ్డ పొడుగుని చూశాడు.

"ఏంట్రా, నువ్వేమంటావ్?"

"నేను అడుగుదామనే అనుకున్నానండీ" అన్నాడు పొడుగు. "ఇల్లు పూర్తయ్యాక. కిటికీలన్నీ సరిగ్గా కుదిరాక, ఆ ధైర్యంతో అడుగుదామని. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను?"

"ఇప్పుడే అడిగేశావుగా" అంది అమ్మ. తర్వాత నాన్న వైపు తిరిగింది. "ఏవండీ, వంటింటి కిటికీ పెద్దది కావాలని ఆరు నెలలుగా మొత్తుకుంటున్నాను. వద్దంటే వద్దన్నారు. ఇప్పుడు పెద్ద అద్దం ఇంటికొచ్చి కూర్చుంది. గోడ కొట్టలేరా?"

అందరూ మేస్త్రి వైపు చూశారు. మేస్త్రి మీసం దువ్వుకుని, తన వంతు వచ్చినందుకు తీరిగ్గా గోడ దగ్గరికి నడిచాడు.

"కిటికీ పైన కాంక్రీటు దూలం రెండు పక్కలా జానెడు పైనే గోడ మీద కూర్చుందండీ. అటు ఐదు, ఇటు ఐదు సెంటీమీటర్లు తీస్తే ఏం కాదు. ఎత్తుకి కింద పది తగ్గిద్దాం. ఇంకా ప్లాస్టరింగ్ కాలేదు కాబట్టి బతికిపోయారు. తొమ్మిదింటికీ నాలుగు రోజులు."

డిజైనర్ అప్పటికే ప్లాను విప్పి చూసుకుంటోంది. "అవుతుంది" అంది. "నిజానికి ఇలాగే బాగుంటుంది కూడా."

నాన్న కిందపడ్డ పుస్తకం తీసి, చొక్కాకి తుడిచి, అమ్మలు చేతిలో పెట్టాడు. "చదవకుండా సంతకం పెట్టడం మాత్రం నేను మర్చిపోను" అన్నాడు. "పెళ్లయ్యాక కూడా మర్చిపోను."

నాలుగు రోజులకి వాన వెలిసింది. గోడలు కొట్టడం అయింది. ఫ్రేము పెట్టేముందు చివరిసారి కొలవాలి. వంటింట్లో పొడుగు, అమ్మలు, నాన్న. పొడుగు జేబులోంచి పాత టేపు తీశాడు.

"ఇంకా అదేనా?" నాన్నకి ఒళ్లు మండింది. "ఏటా ఒక కొత్త టేపు కొనిస్తున్నాను కదరా. అవన్నీ ఏం చేశావు, తాకట్టు పెట్టావా?"

పొడుగు చెవులు ఎర్రబడ్డాయి. అమ్మలు ఊరుకుంటుందా? వంగి అతని పనిముట్ల పెట్టె మూత తీసింది. ఉలుల కింద, గుడ్డలో చుట్టి, నాలుగు టేపులు. నాలుగింటికీ కవర్లు కూడా విప్పలేదు. నాలుగింటికీ చివర కొక్కెం తళతళలాడుతోంది.

"ఇవి పెట్టుకుని..." అంది అమ్మలు. "ఎందుకు?"

"కొక్కెం ఉంటే ఒక్కడినే కొలుచుకోవచ్చు."

"అవును. హాయిగా కొలుచుకోవచ్చు. అయితే?"

"అయితే రెండో చివర పట్టుకోవడానికి నువ్వు రావు కదా."

నాలుగేళ్లలో అతను ఆమెని నువ్వు అనడం అదే మొదలు. అన్నాక నాలిక కరుచుకుని పెద్దాయన వంక చూశాడు. పెద్దాయన గోడ కేసి చూస్తూ, "మేస్త్రితో మాట్లాడాల్సింది ఒకటి మర్చిపోయాను" అని బయటికి నడిచాడు. మేస్త్రి ఆ రోజు పనికే రాలేదు.

అమ్మలు టేపులు మళ్లీ గుడ్డలో చుట్టి, ఉలుల కింద దాచి, పెట్టె మూసింది.

"నా తలనొప్పి రోజున మాత్రం కొత్తది తీసి కొలుచుకోవచ్చు కదా?" అంది.

"నీ కోసం దాచినవి వేరేవాళ్ల ముందు ఎలా తీస్తాను?"

అమ్మలు ముక్కు మీద గోక్కుంది. అతను నవ్వాడు. ఆ నవ్వు అతని నోట్లోంచి వస్తుంటే ఇన్నాళ్లకి మాటతో సహా వినపడింది, మంట లేదు.

"పది దగ్గర పట్టుకో" అన్నాడు.

ఆమె పట్టుకుంది. అతను టేపు లాగి రెండో అంచుకి ఆనించాడు.

"నూట నలభై."

అమ్మలు చెయ్యి చాపి మళ్లీ అతని చెవి మీదికి చేరిన పెన్సిల్ లాక్కుంది. కొత్తగా కొట్టిన ఇటుక మీద, రేపు ప్లాస్టరింగ్ కింద ఎవరికీ కనపడకుండా పోయే చోట, నూట ముప్పై అని రాసి, పక్కనే సంతకం పెట్టింది. ఈసారి రెండుసార్లు చదువుకుంది. తర్వాత పెన్సిల్ తన చెవి మీద పెట్టుకుంది.

"ఏం, కుదురుతుందా?" అని బయట నుంచి అమ్మ కేకేసింది.

"కుదిరిందమ్మా" అంది అమ్మలు.